కలపని నూనె

నాకు సంతకం చేయడం వచ్చు. అంతకు మించి రాయడం రాదు. అందుకని నేను చెబుతుంటే ఇంకొకరు రాస్తున్నారు. స్పాల్లో, పార్లర్లలో కొత్తగా పనికి చేరుతున్న ఆడపిల్లలు చదువుతారంటేనే ఇదంతా చెప్పడానికి కూర్చున్నాను. లేకపోతే ఈ సంగతి తలుచుకోవడం కూడా నాకు ఇష్టం లేదు.

నేనిప్పుడు ఆ పని మానేశాను. చేయాలన్నా చేయలేను. ఏళ్ల తరబడి గ్లౌజులు లేకుండా వాసన నూనెలు కలిపి నా చేతులు పాడు చేసుకున్నాను. ఇప్పుడు లావెండర్ చుక్క తగిలినా వేళ్ల సందుల్లో దద్దుర్లు లేస్తాయి, చర్మం పగిలి నీరు కారుతుంది. చర్మం డాక్టరు చూసి, ఒకసారి ఒంటికి పడకుండా పోయాక ఇక జీవితమంతా పడదమ్మా అన్నాడు. గ్లౌజులు ఇవ్వకపోతే అడగండి. ఇవ్వం అంటే మీరే కొనుక్కోండి. మంచి వాసన వస్తోంది కదా, ఇదేం చేస్తుందిలే అనుకునే నేను చెడ్డాను.

మా ఆయన సినిమాల్లో లైట్లు మోసేవాడు. చాలా రోజులు మంచాన ఉండి, ఆస్పత్రిలోనే పోయాడు. ఆయన పోయాక ఆ వార్డులోని ఫినాయిలు వాసన నా ముక్కులో ఉండిపోయింది. అన్నం దగ్గర కూర్చున్నా అదే, తలంటుకున్నా అదే. ఆయనతో పనిచేసిన మేకప్ మనిషి ఒకతను జాలిపడి, జూబ్లీహిల్స్‌లో కొత్తగా తెరిచిన అరోమా సెంటర్‌లో నన్ను పెట్టించాడు. తువ్వాళ్లు ఉతకడం, నేల తుడవడం, వచ్చినవాళ్ల కాళ్లు పట్టడం నా పని. బోరబండ నుంచి ఆటోలు మారి వెళ్లేదాన్ని.

అక్కడ నూనెల పని చూసేది అక్క. పేరు చెప్పను, అక్క అనే అంటాను. భీమవరం వైపు మనిషి. నాలాగే బోరబండలో, మా వీధికి అవతలి వీధిలో కిరాయికి ఉండేది. ఆదివారం చర్చి అయ్యాకే పనికి వస్తానని మొదటి రోజే చెప్పి చేరిందట. బెంగుళూరులో ఈ పని నేర్చుకుంది. మూత తీయకముందే, సీసా పట్టుకునే తీరు చూస్తే చాలు, ఈమె దగ్గర ఆటలు సాగవని తెలిసిపోయేది.

నేను చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు ఊరికే కూర్చున్నాను.

"ఏమే, అన్నం ముందు అలా కూర్చున్నావేంటి, ఎవరో పోయినట్టు?"

"పోయిన్రు కదక్కా."

ఆమె నాలుక కరుచుకుంది. "తినవేం మరి?"

"ఫినాయిలు వాసనొస్తున్నది."

"ఇక్కడా? ఎక్కడ?"

"నా లోపల్నే."

అక్క నవ్వలేదు. దూది ముక్క మీద నారింజతొక్క నూనె ఒక్క చుక్క వేసి, నా ముక్కుకు జానెడు దూరంలో పట్టుకుంది. "గట్టిగా పీల్చకు. మామూలుగా ఊపిరి తియ్యి" అంది. కాసేపటికి నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఆకలేసింది. ఫినాయిలు వాసన పోయిందని చెప్పను, కానీ కొంచెం పక్కకు జరిగింది. ఈ నూనెల మేలు నాకు తెలిసినంతవరకు అంతే. షుగరు తగ్గిస్తాయి, గడ్డలు కరిగిస్తాయి, డాక్టరు మందులు మానేయండి అని ఎవరైనా అంటే వాళ్ల దగ్గర పని చేయకండి. బిగుసుకుపోయిన మనిషి మాత్రం కాసేపు వదులవుతాడు. ఎడిటింగ్ చేసే పెద్దాయన ఒకాయన వచ్చేవాడు. కుర్చీలో కూర్చుని కూర్చుని ఆయన భుజాలు చెక్కలయ్యాయి. బాదం నూనెలో లావెండర్ కలిపి అక్క ఆయన మెడ మీద చేయి వేస్తే, మాట మధ్యలోనే గురక పెట్టేవాడు. లేచి, "ఈ నిద్ర మా ఇంట్లో దొరకదమ్మా" అనేవాడు. అది అబద్ధం కాదు.

అయితే చిక్కంతా ఆ 'నూనె' అనే మాటలో ఉంది. మనకి నూనె అంటే ఏమిటి? తలకి రాసేది, పసిపిల్లలకి పట్టించేది, ముక్కులో చెవిలో చుక్క వేసేది. నూనెతో చెడిపోయినవాళ్లు ఉంటారని మనం అనుకోం. ఆ చిన్న సీసాల్లో ఉండేది ఆ నూనె కాదు. గంపల కొద్దీ ఆకు, పువ్వు, తొక్క కాచి పిండితే వచ్చే ఘాటు. దాన్ని నువ్వుల నూనెలోనో బాదం నూనెలోనో కలిపితేనే ఒంటికి పనికొస్తుంది. ముఖానికైతే చెంచా నూనెకి ఒక్క చుక్క. ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగి చూడాలి. అక్క కడుపుతో ఉన్నవాళ్లకి డాక్టరుని అడిగి రమ్మని చెప్పి పంపేసేది. ఉబ్బసం ఉన్నవాళ్లు వస్తే ఆవిరి యంత్రం ఆపేసేది. ఒకామె చంటిదాని జలుబుకి నీలగిరి తైలం చుక్క ముక్కులో వేస్తానంటే, "ఊపిరి పట్టేస్తుందమ్మా, పిల్ల దక్కదు" అని సీసా ఆమె చేతుల్లోంచి లాక్కుంది.

నాకూ ఒకసారి తగిలింది. దాల్చినచెక్క నూనె సీసా కారి మణికట్టు మీద పడింది. పరుగెత్తి కుళాయి కింద పెట్టాను. మంట తగ్గకపోగా మోచేతిదాకా పాకింది. అక్క వచ్చి చేయి ఇవతలికి లాగి, వట్టి కొబ్బరి నూనెతో తుడిచి, ఆ తర్వాత సబ్బు పెట్టింది.

"నూనె నీళ్లకి పోతుందా, పిచ్చిమొహమా? మీ ఇంట్లో జిడ్డు మూకుడు వట్టి నీళ్లతో కడుగుతావా?"

"మా ఇంట్ల మూకుడు గింత మండదక్కా."

వచ్చిన ప్రతి మనిషినీ అక్క ఒక ప్రశ్న అడిగేది. "రేపు ఎండా, ఫ్లోరా?" అని. ఎండ అంటే బయట షూటింగు, ఫ్లోరు అంటే స్టూడియోలో సెట్టు లోపల. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది సినిమావాళ్లు, సీరియల్ వాళ్లు కాబట్టి ఆ అడగడం అందరికీ అలవాటైపోయింది. నిమ్మతొక్క నూనెలాంటివి ఒంటికి రాసి ఎండలోకి వెళ్తే చర్మం కాలుతుంది. ఆ రోజూ మర్నాడూ ఎండ తగలకూడదు. ఎండ అన్నవాళ్లకి అక్క ఆ సీసా తీసేది కాదు.

ఇక మా మేనేజరు సంగతి. కుర్రవాడు, షర్టు నలగనివ్వడు. గోడ మీద పెద్ద బోర్డు పెట్టించాడు, మా నూనెలు కల్తీ లేనివి అని. ఆ మాట నిజమే. కానీ ఒకరోజు ఒక నిర్మాతగారి భార్య, అక్క చిన్న సీసాలోంచి చుక్క తీసి నువ్వుల నూనెలో వేయడం చూసింది.

"ఇదేంటి, కలుపుతున్నావు? బోర్డు మీద కల్తీ లేదని రాశారుగా?"

"కల్తీ కాదండీ, కలపడం. ఇది అలాగే రాయాలండీ."

"నువ్వుల నూనె మా వంటింట్లో డబ్బాల కొద్దీ ఉంది. దానికోసమా నేనిక్కడికి వచ్చింది?"

ఆమె కోపంగా వెళ్లిపోయింది. మేనేజరు అక్కని పిలిచి, "అక్కా, కస్టమర్ ముందు మిక్సింగ్ వద్దు. కర్టెన్ వెనక చేసి తీసుకురండి. పర్సెప్షన్ ముఖ్యం" అన్నాడు. అక్క ఎంత చెప్పినా వినలేదు. ఎదురుగా కలిపి చూపించి, ఎందుకు కలుపుతున్నామో చెప్పాలి, అప్పుడే మనుషులకి తెలుస్తుంది అని ఆమె మాట. అది జరగలేదు. ఆ రోజు నుంచి నూనెలు కలపడం తెర వెనక్కి పోయింది. కలపడమంటే దొంగపని అన్నట్టు అయిపోయింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం ఒక అమ్మాయి వచ్చింది. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై దాటిన మనిషే. సీరియళ్లలో వదిన వేషాలు, ఆడపడుచు వేషాలు వేసేది. మా దగ్గరికి అంతకు ముందు కూడా వచ్చింది, మంచిగానే మాట్లాడేది. ఆ రోజు మనిషి నేల మీద లేదు. ఎన్నో ఏళ్ల తర్వాత సినిమాలో మంచి వేషం దొరికింది. హీరోకి అక్క. మర్నాడే మొదటి రోజు షూటింగు. నేను కాళ్ల దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. అక్క ఎప్పటిలాగే అడిగింది.

"రేపు ఎండా, ఫ్లోరా అమ్మా?"

"ఎండే. ఊరి బయట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా."

"అయితే ఈ పూట ముఖానికి వట్టి బాదం నూనె చాలమ్మా."

"వట్టిదా? ముఖం వెలగాలక్కా రేపు. నిమ్మది పెట్టు. పోయినసారి పెట్టావుగా."

"పోయినసారి మీకు వారం రోజులు ఇంట్లోనే అన్నారు కదమ్మా. నిమ్మ నూనె రాసి ఎండకెళ్తే కాలుతుంది."

ఆమె నవ్వింది. "మా అమ్మ చిన్నప్పట్నుంచీ నిమ్మచెక్క రుద్దే పెంచింది నన్ను. నిమ్మకాయకి కాలిపోతానా? సరే, పెట్టేదేదో అసలుది పెట్టు. ఆ తెర వెనక కలిపేది నాకు వద్దు. మీ దగ్గర కలిపి ఇస్తారని అందరికీ తెలుసు."

"కలపకపోతే ప్రమాదమమ్మా."

"కలిపితే మీకు లాభమా?"

ఆ మాటకి అక్క ముఖం మాడిపోయింది. ఆ అమ్మాయి గొంతు పెరిగేసరికి మేనేజరు వచ్చాడు. ఏంటి మేడమ్, ఏమైంది మేడమ్ అన్నాడు. ఆమె అసలు నూనె అంది. అతను తెర వెనక్కి వెళ్లి నిమ్మతొక్క నూనె ఉన్న ఆ చిన్న ఘాటు సీసా తనే తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "మీ ఎదురుగానే మేడమ్, సీల్ చూసుకోండి" అన్నాడు.

అక్క అతని మోచెయ్యి పట్టుకుంది. "సార్, అది ఇవ్వకండి సార్. రేపు ఆమెకి ఎండ."

"అక్కా, కస్టమర్‌తో ఆర్గ్యుమెంట్ వద్దు."

అంతలో ఆమె అరచేతిలో పోసుకుని రెండు చెంపలకీ, మెడకీ రాసేసుకుంది. కళ్లు మూసుకుని, "అబ్బా, మండుతోంది" అంది. అని నవ్వింది కూడా. "మండుతోందంటే పనిచేస్తున్నట్టే."

అక్క బాదం నూనెలో దూది ముంచి తుడవబోతే చెయ్యి తోసేసింది. అక్క ఊరుకోలేదు. వెళ్లేటప్పుడు మెట్లదాకా వెనకాలే పోయింది. సబ్బుతో కడుక్కోమంది, రేపు గొడుగు కింద ఉండమంది, మేకప్ వాళ్లకి చెప్పమంది. ఆమె కారు ఎక్కుతూ, "నా షూటింగు ఎండలో కాకపోతే నీ వంటింట్లో తీస్తారా అక్కా?" అంది. డ్రైవరు నవ్వాడు. నాకు కూడా నవ్వొచ్చింది, నిజం చెప్పాలంటే.

మర్నాడు సాయంత్రానికే ముఖం ఎర్రబడిందట. ఆ మర్నాడు బొబ్బలు. బొబ్బలు మానాక గోధుమ రంగు చారలు మిగిలాయి. నూనె ఎలా జారిందో అలాగే, చెంపల నుంచి మెడ మీదికి గీతలు గీసినట్టు. సినిమావాళ్లు ఎన్నాళ్లు ఆగుతారు? ఆ వేషం ఇంకొకామెకి ఇచ్చేశారు.

ఆమె తరఫు మనిషి ఒకడు సెంటర్‌కి వచ్చి బల్ల గుద్దాడు. మీవాళ్లు కలపడం మరిచిపోయి ముఖం కాల్చారు అన్నాడు. అవును, అంత తెలివిగా అన్నాడు. ఇప్పుడు కలపాలని వాళ్లకి తెలిసింది. మేనేజరు ఒక్క క్షణం అక్క వైపు చూశాడు. ఆ చూపులోనే నాకు అర్థమైపోయింది.

"మిక్సింగ్ అంతా ఈవిడే చూస్తారు సార్. మేం చాలాసార్లు వార్న్ చేశాం."

అక్క ఎంత గట్టి మనిషైనా, ఆ రోజు మాత్రం చీర కొంగు చేతికి చుట్టుకుని నిలబడింది. నేనే ముందుకొచ్చాను.

"గది అబద్ధం సార్. సీసా మీరే తెచ్చిచ్చిన్రు. గామెనే పూసుకున్నది. అక్క వద్దు వద్దన్నది."

మేనేజరు నా వైపు తిరిగాడు. "నువ్వు కాళ్ల దగ్గర కూర్చున్నావు. నీకేం కనబడుతుంది? అసలు నీకు సీసా మీద పేరు చదవడం వచ్చా?"

"చదువెందుకు సార్, వాసన తెల్వదా?"

"ముక్కుతో సాక్ష్యం చెబుతుందట" అన్నాడు ఆ వచ్చినవాడు. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయిలు కూడా కిసుక్కుమన్నారు. తెర వెనక ఏం జరుగుతుందో ఎవరూ చూడరు కదా, అందుకే ఎవరి మీదైనా తోసేయవచ్చు. అక్కని ఆ పూటే పంపేశారు. నన్ను ఉండమన్నారు గానీ నేను ఉండలేదు. అది గొప్పకి చెప్పడం లేదు. ఉంటే ఆ మేనేజరు ముఖం మీద ఏదో ఒకటి పోసి ఉండేదాన్ని.

ఉద్యోగం ఒకటే పోతే అక్క భయపడే మనిషి కాదు. కానీ ఎవరో అక్క ఫోటో మేకప్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు, ఈమె చేత ముఖాలు కాల్పించుకోకండి అని. ఫిల్మ్ నగర్‌లో ఆ గ్రూపు చూడని పార్లరు లేదు. ఎక్కడికి వెళ్లినా, "ఆమె మీరేనా?" అనేవారు. చివరికి చర్చిలో కూడా ఒకామె అడిగిందట, చాలా ప్రేమగా. అక్క ఆ వారం నుంచి వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టింది.

అప్పుడు నాకొకటే తోచింది. ఈ సంగతి తేల్చగలిగేది ఒక్క మనిషే, ఆ నటి. నేనే పూసుకున్నాను అని ఆమె ఒక్క మాట అదే గ్రూపులో అంటే అక్క మళ్లీ తలెత్తుకుంటుంది. అక్కకి చెప్పకుండా శ్రీనగర్ కాలనీలో ఆమె ఫ్లాటుకి వెళ్లాను. వాచ్‌మన్ ఆపితే, మేడమ్ కాళ్లు పట్టడానికి వచ్చానని చెప్పాను. అది పాత నిజమే.

ఆమె చున్నీ ముఖానికి చుట్టుకుని తలుపు తీసింది. కర్టెన్లన్నీ వేసి ఉన్నాయి. నన్ను చూసి తలుపు మూసేయలేదు. లోపలికి రమ్మని కుర్చీ చూపించింది. మంచినీళ్లు కూడా తనే తెచ్చింది. నేను తిట్టాలని వెళ్లాను, ఆ నీళ్లు తాగాక తిట్టలేకపోయాను.

"అమ్మా, మీరే పూసుకున్నరు కదా. గా ఒక్క ముచ్చట చెప్పున్రి. మా అక్కకు ఎవ్వరు పని ఇస్తలేరు."

ఆమె చున్నీ తీసింది. నేను తల తిప్పుకున్నాను.

"చూడక్కా, తల తిప్పుకోకు. నేనే పూసుకున్నానని చెప్తే ఏమంటారో తెలుసా? షూటింగు ముందు రోజు బుద్ధి లేకుండా ముఖం కాల్చుకుంది అంటారు. అలాంటిదాన్ని మళ్లీ ఎవరు పిలుస్తారు? పార్లర్ వాళ్లు కాల్చారంటే, పాపం అంటారు. పాపం అన్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఫోన్ చేస్తారు."

"మరి మా అక్కకెవరు చేస్తరమ్మా ఫోను?"

"ఆవిడకి చేతుల్లో పనుంది. ఎక్కడైనా బతుకుతుంది. నాకీ ముఖం ఒక్కటే ఉంది."

"తప్పు కాదా?"

"తప్పే" అంది. అంత సులువుగా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. తప్పే అని, మళ్లీ చున్నీ చుట్టుకుంది. "ఆవిడకి చెప్పు, నేను తిట్టలేదని. ఎవరి దగ్గరా ఆవిడ పేరు నేనెత్తలేదు. వాళ్లే అనుకున్నారు. నేను కాదనలేదు, అంతే."

కాదనకపోవడం ఎంత పని చేస్తుందో అక్కడ కూర్చున్న నాకు తెలుసు. ఆ కుర్చీలోంచి ఎలా లేచానో, మెట్లు ఎలా దిగానో గుర్తులేదు.

బోరబండకి వచ్చి అక్కకి అంతా చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. చేట దించకుండా విన్నది.

"అలా అందా?"

"అట్లనే అన్నది. మనం పోలీసుకు పోదామక్కా."

"పోయి ఏం చెప్తావే? సీసా ఇచ్చినవాడు ఇవ్వలేదంటాడు, పూసుకున్నది పలకదు." రాయి ఒకటి తీసి పక్కన పడేసింది. "పోనీలే. దాని ముఖం కాలింది నిజమే కదా. మంట పడింది కదా పాపం."

నాకు ఒళ్లు మండింది. "నీకు మంట లేదా?" అని అడిగాను. అక్క చేటలో ఇంకో రాయి వెతికింది. ఆ మంచితనం మీద నాకు ఇప్పటికీ కోపమే. కొత్తగా పనిలోకి వస్తున్న పిల్లలు ఆమెని చూసి అది మాత్రం నేర్చుకోకండి. కలిపేటప్పుడు మనిషి ఎదురుగా కలపండి. తెర వెనక్కి పొమ్మంటే పోకండి. కలపకుండా ఇమ్మని ఎవరైనా అంటే, ఆ మాట పదిమందికి వినబడేలా కాదనండి. అక్క అదంతా నెమ్మదిగా, మర్యాదగా చెప్పింది. అందుకే ఎవరికీ వినబడలేదు.

తర్వాత నేను వేరేచోట్ల పని చేశాను, చేతులు పాడయ్యేదాకా. అక్క మళ్లీ సీసా పట్టలేదు. అమీర్‌పేటలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటకి కుదిరింది. వాసనల మధ్య బతికిన మనిషి ఉల్లిపాయలు కోసుకుంటూ ఉండిపోయింది. నేను అప్పుడప్పుడు వెళ్లి కూర్చుంటాను.

మొన్నొక సాయంత్రం వెళ్లినప్పుడు పిల్లలు భోజనాల గదిలో టీవీ చూస్తున్నారు. కొత్త సీరియల్. అందులో ఆ నటే. పెద్దింటి కోడలి వేషం, కథంతా ఆమె మీదే. ఫోన్ చేసేవాళ్లు ఆమెకి దొరికారన్నమాట. అక్క చేతిలో కత్తి అలాగే పట్టుకుని టీవీ దగ్గరకంటా వెళ్లింది. చాలాసేపు తేరిపార చూసింది. ఆమె ఏడుస్తున్న సీను, ముఖం పెద్దగా చూపిస్తున్నారు.

"మచ్చలు పోయాయే" అంది నాతో, మెల్లగా. "మెడ మీద కూడా. అది మేకప్ కాదు, చర్మమే బాగుపడింది. ఎండకి జాగ్రత్తగా ఉండుంటుంది."

పక్కనున్న పిల్ల తలెత్తి, "ఆంటీ, ఆమె మీకు తెలుసా?" అని అడిగింది.

"లేదమ్మా" అంది అక్క, వంటగదిలోకి పోతూ.

నాకు మాత్రం ఆ మచ్చల్లో ఒక్కటైనా మిగిలి ఉంటే బాగుండుననిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది.